‘నేనేం కోప్పడలేదు, నా గొంతే అంత’: మన మాట ఎదుటివాళ్ళకు ఎలా వినపడుతోందో చూసుకోవడం ఎలా?

సాయంత్రం ఏడింటికి విజయవాడ బీసెంట్ రోడ్డులో ఎవరూ మెల్లగా మాట్లాడరు. మాట్లాడితే వినపడదు. బళ్ళ హారన్లు, కొట్టు ముందు నిలబడి "రండమ్మా రండి, చూసి వెళ్ళండి" అని పిలిచే కుర్రాళ్ళు, తోపుడు బండి మైకు, వీటన్నిటి మీదుగా బేరం సాగాలి. రోజంతా అక్కడ కౌంటర్లో కూర్చున్న ఆవిడ ఇంటికెళ్ళి అదే గొంతుతో బెంగళూరులో ఉన్న కోడలికి ఫోన్ చేసి "ఏంటి, తిన్నారా?" అంటే, అవతల ఆ అమ్మాయికి అత్తగారు దేనికో మండిపడుతున్నట్టు వినపడుతుంది. ఇద్దరిలో ఎవరి తప్పూ లేదు.

మనం ఎలాంటివాళ్ళమో మనకు తెలుసు కాబట్టి మన మాట మనకు మామూలుగానే ఉంటుంది. వినేవాళ్ళు మాత్రం మాటను పట్టుకునే మనిషిని లెక్కగడతారు. గబగబా మాట్లాడితే కంగారు మనిషి అంటారు. ఆగి ఆగి మాట్లాడితే ఏమీ తెలియదంటారు. గట్టిగా మాట్లాడితే పొగరు, మెత్తగా మాట్లాడితే పని చేయించుకోవడం చేతకాదు. ఈ లెక్క వేయడానికి ఎంతోసేపు కూడా పట్టదు. 2014లో గ్లాస్గో విశ్వవిద్యాలయం పరిశోధకులు "హలో" అన్న ఒక్క మాట, అరసెకను కూడా లేనిది, రకరకాల గొంతులతో వినిపించారు. ఏ గొంతు నమ్మదగ్గ మనిషిది, ఏ గొంతు పెత్తనం చేసే మనిషిది అని అడిగితే వినేవాళ్ళందరూ దాదాపు ఒకేలా చెప్పారు. అందరూ ఒకేలా అనుకున్నారు, అంతే. అది నిజమని ఎక్కడా తేలలేదు.

కింద రాసింది స్వభావం మార్చుకునే పద్ధతి కాదు. నలభై ఏళ్ళు వచ్చాక హడావిడి మనిషి నిదానస్తుడు కాడు, కావాల్సిన అవసరమూ లేదు. మార్చుకోగలిగినవి చిన్నవి. వాక్యం చివర ఎలా ముగుస్తోంది, ఎక్కడ ఆగుతున్నాం, అసలు సంగతి ముందు చెబుతున్నామా వెనక చెబుతున్నామా, ఈ మూడూ సరిచూసుకుంటే సగం గొడవలు తగ్గుతాయి. మిగతా సగం వినే చెవిలో ఉంటుంది. దాని గురించి చివర్లో చెబుతాను.

మొదట: మాట్లాడుతున్నప్పుడు రికార్డు చేయండి

ఫోన్లో రికార్డర్ ఆన్ చేసి బల్ల మీద పెట్టండి. పేపరు చదివి రికార్డు చేస్తే లాభం లేదు, ఎవరితోనైనా నిజంగా మాట్లాడుతూ ఉండాలి. అవతలి మనిషికి ముందే చెప్పి, సరే అంటేనే చేయండి. చెప్పాక మొదటి పది నిమిషాలు ఇద్దరూ రేడియో నాటకంలో లాగా మాట్లాడతారు. ఆ భాగం వదిలేయండి. అరగంట అయ్యాక ఫోన్ సంగతి ఇద్దరూ మర్చిపోతారు, మీకు కావాల్సింది అక్కడి నుంచి మొదలవుతుంది.

ఒక్క చోట చేస్తే సరిపోదు. ఇంట్లో ఒకసారి, పని చేసే చోట ఒకసారి, ఫోన్లో మాట్లాడేటప్పుడు మీ వైపు మాట మాత్రం వచ్చేలా ఒకసారి చేయండి. ఇంట్లో పులిలా గర్జించే మనిషి ఆఫీసులో నోట్లోంచి మాట రాకుండా కూర్చోవడం మనం చూడనిదా? ఒకే మనిషికి రెండు మూడు మాట తీరులు ఉంటాయి. మీకు ఇబ్బంది ఎక్కడ వస్తోందో ఆ చోటి రికార్డింగే ముఖ్యం.

వినగానే "ఛీ, నా గొంతు ఇంత పీలగా ఉందా" అనిపిస్తుంది. దాదాపు అందరికీ అనిపిస్తుంది. మనం మాట్లాడుతున్నప్పుడు మన గొంతు గాలిలోంచి చెవికి రావడమే కాక, దవడ, పుర్రె ఎముకల గుండా లోపలి నుంచి కూడా చేరుతుంది. ఆ ఎముకల దారిలో మంద్రం ఎక్కువ. రికార్డింగులో ఆ భాగం ఉండదు కాబట్టి గొంతు పలచగా వినపడుతుంది. చాలామంది ఇక్కడే డిలీట్ కొట్టేస్తారు. కొట్టకండి. ఒక రోజు ఆగి మళ్ళీ వినండి. గొంతు బాగుందా లేదా అన్నది మనకు అనవసరం. ఊళ్ళో అందరూ మిమ్మల్ని ఇన్నేళ్ళుగా ఆ గొంతుతోనే విన్నారు, ఎవరూ పారిపోలేదు.

తర్వాత: ఒక నిమిషం మాటను కాగితం మీద పెట్టండి

రికార్డింగులో ఏదో ఒక నిమిషం ఎంచుకుని, అన్నది అన్నట్టు రాయండి. "అదీ", "మరి", "అంటే", "ఏంటంటే", నాలుక తడబడిన చోట్లు, అన్నీ రాయండి. ఒక నిమిషం రాయడానికి పావుగంట పడుతుంది, విసుగు పుడుతుంది. అయినా ఈ పని మానకండి. వింటే దొరకని తప్పు రాస్తే దొరుకుతుంది.

రాశాక మూడు గుర్తులు పెట్టండి. వాక్యం చివర మింగేసిన చోట సున్నా చుట్టండి. ఎదుటి మనిషి మాట పూర్తి కాకుండానే మీరు అందుకున్న చోట అడ్డగీత పెట్టండి. మీరు అసలు చెప్పదలుచుకున్న సంగతి ఎక్కడ వచ్చిందో దాని కింద గీత గీయండి.

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషను కొట్టు గుమాస్తా పల్నాడు రైతుకు ఫోన్లో ఇలా చెబుతాడనుకోండి. టిక్కీ అంటే మిర్చి బస్తా.

"అదే బాబాయ్ నిన్న మీ టిక్కీలొచ్చినయ్ కదా అయ్యింకా అమ్మలా రేపు సెలవు ఎల్లుండి పెడతా రేటు నిన్నటిదే వస్తదో రాదో చెప్పలేం డబ్బులు కూడా పాతయ్యింకా పడలా చూస్తన్నా."

ఊపిరి తీసుకోకుండా ఎనిమిది సెకన్లలో చెప్పేశాడు. అన్నీ నిజాలే. కానీ రైతుకు ఏం వినపడింది? ‘అమ్మలా’ అన్నదాంట్లో ఆ చివరి ‘లా’ యార్డు గోలలో కొట్టుకుపోతే సరుకు అమ్ముడైపోయిందనుకుంటాడు. ‘పడలా’ అన్నది కూడా అంతే, డబ్బులు పడ్డాయనుకుని బ్యాంకుకు వెళ్ళి క్యూలో నిలబడతాడు. సాయంత్రానికి ఇద్దరికీ మాటా మాటా వస్తుంది. గుమాస్తా నిర్లక్ష్యపు మనిషి అని రైతు, చెప్పింది వినడు అని గుమాస్తా.

మన భాషలో కీలకమంతా వాక్యం చివరే ఉంటుంది. పని అయిందా లేదా, చేసింది ఎవరు, ఎప్పుడు, ఎదుటివాళ్ళకు మర్యాద ఇచ్చామా లేదా, అన్నీ క్రియకు తగిలించి ఆఖరున చెబుతాం. అందులోనూ గుంటూరు వైపు ‘లేదు’ అన్నదాన్ని ‘లా’కు కుదించేశాం. చెయ్యలా, రాలా, చూడలా. ఎదురుగా కూర్చుని మాట్లాడుకుంటే ఇబ్బంది లేదు, తల అడ్డంగా ఊపుతాం కాబట్టి. ఫోన్లో తల కనపడదు.

అదే గుమాస్తా, అదే హడావిడి మనిషి, ఇలా చెప్పొచ్చు.

"బాబాయ్, మీ టిక్కీలు ఇంకా అమ్మలేదు." ఇక్కడ ఆగాలి. అవతల "ఊఁ" అనాలి. "రేపు యార్డు సెలవు. ఎల్లుండి పెడతాను." మళ్ళీ ఆగాలి. "రేటు నిన్నటిదే వస్తుందని మాటివ్వలేను. పాత డబ్బులు కూడా ఇంకా పడలేదు, పడగానే నేనే ఫోన్ చేస్తాను."

వేగం పెద్దగా తగ్గలేదు చూడండి. వాక్యాలు ముగిశాయి, అంతే.

ఆ తర్వాత: ముగ్గురిని అడగండి

"నేను ఎలా మాట్లాడతాను?" అని అడగొద్దు. "బానే మాట్లాడతావు" అంటారు, టీ తాగి వెళ్ళిపోతారు. రికార్డింగులో ఒక ముక్క వినిపించి రెండే ప్రశ్నలు వేయండి. ఇందులో నేను ఏం చెప్పాను? అప్పుడు నేను ఏ మూడ్‌లో ఉన్నాననిపించింది?

ముగ్గురిలో ఒకరు ఇంటి మనిషి, ఒకరు మీ కింద పని చేసేవాళ్ళు, ఒకరు ఈ మధ్యనే పరిచయమైనవాళ్ళు అయితే మంచిది. మీ కింద పని చేసేవాళ్ళు మొహం మీద నిజం చెప్పరు. వాళ్ళను మూడ్ గురించి అడక్కుండా "నేను చెప్పినదాన్ని బట్టి నువ్వు ముందు ఏ పని చేస్తావు?" అని అడగండి. మీరు అనుకున్న పనీ వాళ్ళు చెప్పిన పనీ ఒకటి కాకపోతే జవాబు దొరికినట్టే.

వాళ్ళు చెప్పినదంతా మీ మీద వేసుకోకండి. 1960లో కెనడాలోని మాంట్రియల్‌లో వాలెస్ లాంబర్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన బృందం ఒక పని చేశారు. ఇంగ్లీషు, ఫ్రెంచి రెండూ చక్కగా వచ్చిన మనుషుల చేత ఒకే పాఠాన్ని రెండు భాషల్లోనూ చదివించి రికార్డు చేశారు. ఒకే మనిషి రెండుసార్లు వినిపిస్తున్నాడని చెప్పకుండా, ఈ గొంతు మనిషి తెలివైనవాడా, నమ్మదగ్గవాడా, పొడగరి అయి ఉంటాడా అని అడిగారు. అదే మనిషి ఇంగ్లీషులో చదివితే చాలా విషయాల్లో ఎక్కువ మార్కులు, ఫ్రెంచిలో చదివితే తక్కువ మార్కులు. విచిత్రం ఏంటంటే, ఫ్రెంచి మాతృభాషగా ఉన్నవాళ్ళు కూడా ఫ్రెంచి గొంతుకు తక్కువే వేశారు. అంటే వాళ్ళు వేసిన మార్కులు ఆ మనిషికి కాదు, ఆ భాష మాట్లాడే జనం గురించి ఊళ్ళో ఉన్న అభిప్రాయానికి.

కాబట్టి ముగ్గురూ ఒకే మాట చెబితే అది మీరు చూసుకోవాల్సిన సంగతి. ఒక్కరే చెబితే విని పక్కన పెట్టండి.

ఇప్పుడు ఒక్కటే పట్టుకోండి

అన్నీ ఒకేసారి మార్చుకుందామని కూర్చుంటే మాటే ఆగిపోతుంది. మీ కాగితం మీద ఏ గుర్తులు ఎక్కువ ఉన్నాయో చూసి అదొక్కటే ఒక నెల పట్టుకోండి.

సున్నాలు ఎక్కువైతే మీది గబగబా మాట. "మెల్లగా మాట్లాడు" అని మీకు చిన్నప్పటి నుంచీ చెప్పి ఉంటారు, ఏమీ మారి ఉండదు, మారదు కూడా. వేగం జోలికి పోకండి. క్రియను పూర్తిగా పలకడం, పలికాక నోరు మూయడం, ఈ రెండే సాధన చేయండి. దీనికి మంచి గురువు ఆకాశవాణి. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1 నుంచీ ఉంది, ప్రాంతీయ వార్తలు ఇప్పుడు ఫోన్లో కూడా వినొచ్చు. వార్తలు చదివేవాళ్ళు మెల్లగా చదవరు, ఇచ్చిన నిమిషాల్లో అన్నీ ముగించాలి. అయినా ఒక్క మాట పోదు. వాళ్ళు వాక్యం చివర ఏం చేస్తున్నారో విని, ఒక అర సెకను వెనకగా వాళ్ళతో పాటే మీరూ పలకండి. రోజూ ఒక బులెటిన్ చాలు. వార్తల భాష మీకు అంటుకోదు, భయపడకండి. ఆగడం అలవాటవుతుంది.

అడ్డగీతలు ఎక్కువైతే మీరు మధ్యలో అందుకునే మనిషి. ఇది మన ఇళ్ళల్లో తప్పే కాదు. నలుగురు అక్కచెల్లెళ్ళు కూర్చుంటే నలుగురూ ఒకేసారి మాట్లాడతారు, నలుగురికీ అన్నీ వినపడతాయి, అందుకోకపోతే "ఏం, వినట్లేదా" అంటారు. ఇబ్బంది ఆ నలుగురిలో ఒక నిదానస్తురాలైన కోడలు చేరినప్పుడు. ఒకరి మాట ముగిసి ఇంకొకరి మాట మొదలవడానికి మధ్య ఖాళీ సగటున సెకనులో ఐదో వంతు మాత్రమే అని, పది భాషలను పోల్చి 2009లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. అంత చిన్న సందులో దూరడానికి కొందరికి మాట సిద్ధంగా ఉంటుంది, కొందరికి ఉండదు. మీకు ఉంటుంది కాబట్టి ఎప్పుడూ మీరే దూరతారు. ఎదుటివాళ్ళు ఆపాక మనసులో "ఒకటి, రెండు" అనుకుని అప్పుడు నోరు తెరవండి. ఆ రెండు అంకెల మధ్యలో వాళ్ళు ఇంకో ముక్క చెబుతారు. చాలాసార్లు అసలు సంగతి అదే.

మీరే ఆ నిదానస్తులైతే సందు కోసం కాచుకుని కూర్చోవద్దు, రాదు. పేరు పిలిచి లోపలికి రండి. "ప్రసాద్ గారూ, ఒక్క మాట" అనేయండి. అందరూ మీ వైపు తిరిగాక మీకు కావాల్సినంత టైమ్ దొరుకుతుంది. మొదటి వాక్యం ఒక్కటి ముందే కాగితం మీద రాసుకోండి, మిగతావి వాటంతట అవే వస్తాయి. ఇంకో సంగతి. మీ టెన్షన్ అందరికీ కనపడిపోతోందని మీరు అనుకుంటారు. మాట్లాడేవాళ్ళు తమ కంగారు బయటికి తెలిసిపోతోందని అనుకున్నంతగా చూసేవాళ్ళకు అది తెలియదని మనస్తత్వ పరిశోధనల్లో తేలింది. గుండె దడ మీకే వినపడుతుంది.

గీత కాగితంలో అట్టడుగున ఎక్కడో పడితే, లేదా అసలు గీయడానికి చోటే దొరక్కపోతే, మీది మొహమాటం. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. కృష్ణా, గుంటూరు జిల్లాలవాళ్ళు కుండ బద్దలు కొట్టినట్టు మాట్లాడతారని పేరు. పేరు గట్టి గొంతు వల్ల వచ్చింది తప్ప, కాదు అని చెప్పాల్సి వచ్చినప్పుడు మనమూ అందరిలాగే నీళ్ళు నములుతాం.

విజయవాడ గవర్నర్‌పేటలో ఒక ఆడిటరు ఆఫీసు. యజమాని గది లోంచి తొంగి చూసి అడుగుతాడు.

"ఏమ్మా, శుక్రవారానికి అయిపోతుందిగా?"

"అదేనండి... చూస్తున్నానండి. వాళ్ళ దగ్గర్నుంచి బిల్లులు రావాలండి. వస్తే అయిపోతుందనుకుంటానండి."

"సరే సరే."

ఆయన శుక్రవారానికి అవుతుందని పార్టీకి మాటిచ్చేశాడు. ఆ అమ్మాయి తను అవ్వదని చెప్పాననే అనుకుంటోంది. శుక్రవారం సాయంత్రం ఆయనకు ఆ అమ్మాయి బాధ్యత లేని మనిషి, ఆ అమ్మాయికి ఆయన చెవిటి మనిషి.

ఆ అమ్మాయి గట్టిగా మాట్లాడడం నేర్చుకోనక్కర్లేదు. అండి తీసేయనక్కర్లేదు. వరుస మార్చుకుంటే చాలు. తేదీ ముందు, కారణం తర్వాత, ఆయన చేయాల్సింది ఏదైనా ఉంటే ఆఖరున.

"శుక్రవారానికి కాదండి. సోమవారం మధ్యాహ్నానికి ఇస్తానండి. రెండు కొట్ల బిల్లులు ఇంకా రాలేదండి. మీరొకసారి వాళ్ళకు ఫోన్ చేస్తే శనివారానికే అవ్వొచ్చండి."

నాలుగు అండీలు ఉన్నాయి, మర్యాద ఎక్కడికీ పోలేదు. ‘అనుకుంటా’, ‘ఏమో’, ‘చూస్తా’, ‘అంట’ లాంటివి మీ కాగితం మీద ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. నిజంగా అనుమానం ఉన్న చోట ఒకటి ఉంచి, మొహమాటానికి వేసినవి కొట్టేయండి. మళ్ళీ చదివి చూడండి, మనిషే వేరుగా కనపడతారు.

యజమానులకు కూడా ఒకటి చెప్పాలి. "అయిపోతుందిగా?" అని అడిగితే అవునన్న జవాబు తప్ప ఇంకోటి రాదు. "ఎప్పటికి అవుతుంది? దేనికి ఆగింది?" అని అడగండి. మొహమాటస్తుల నోట నిజం రావడానికి ఇంతకంటే తేలిక దారి నాకు కనపడలేదు.

అప్పు అడిగినవాళ్ళకు, పెళ్ళి సంబంధం తెచ్చినవాళ్ళకు "చూద్దాం లెండి" అనే సంగతి వేరు. అక్కడ ఇద్దరికీ అది కాదనే తెలుసు, మొహాలు చెడకుండా ఉండడానికే ఆ మాట. దాన్ని వదిలేయండి. బయట పెరిగిన పిల్లలతో, ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళతో మాత్రం వాడకండి. వాళ్ళు నిజంగానే నెల తర్వాత మళ్ళీ ఫోన్ చేస్తారు.

గట్టి గొంతువాళ్ళ గురించి రెండు ముక్కలు. చుట్టూ గోల ఉంటే మనకు తెలియకుండానే గొంతు లేస్తుంది. ఫ్రాన్సు వైద్యుడు లొంబార్డ్ 1911లోనే ఈ సంగతి చెప్పాడు. ఆటోనగర్‌లో లేత్ మెషీన్ పక్కన రోజంతా మాట్లాడినవాళ్ళు ఇంటికి రాగానే ఆ గొంతు దిగదు, కాసేపు పడుతుంది. ఆ కాసేపు ముఖ్యమైన ఫోన్లు పెట్టుకోకండి. చుట్టూ గోల లేకపోయినా గొంతు లేస్తోంది, టీవీ సౌండ్ ఎక్కువ పెడుతున్నారని ఇంట్లో గొణుగుతున్నారు అంటే అది స్వభావం కాకపోవచ్చు. ఈఎన్‌టీ డాక్టరు దగ్గర ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష, చేయించుకోండి. చెవిదే లోపమైతే సాధన చేసి లాభం ఉండదు.

ఇక గట్టిగా మాట్లాడే ఆడవాళ్ళు. అదే గొంతు మగవాడిదైతే "భలే ధాటిగా మాట్లాడతాడు" అంటారు, ఆడమనిషిదైతే గయ్యాళి. వాళ్ళను గొంతు తగ్గించుకోమని నేను చెప్పను. తగ్గిస్తే అప్పుడు "ఈవిడ పని చేయించలేదు" అంటారు, ఎటూ తప్పదు. వాక్యాలు ముగించండి, చాలు.

యాసను ఏం చేయాలి?

దాచకండి. పత్రికల్లో, పాఠాల్లో వాడే తెలుగు చాలావరకు కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల చదువుకున్నవాళ్ళ మాట మీద నిలబడింది. దాంతో ఇక్కడివాళ్ళకు తమకు యాస లేదనే భ్రమ ఉంది. "అట్టా కాదు, ఇట్టా" అనే మనిషి శ్రీకాకుళం నుంచి వచ్చిన మేస్త్రి "ఏటి బాబూ" అంటే నవ్వుతాడు. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి ఆ శ్రీకాకుళం వైపు మనిషే. ఆయన పుట్టినరోజునే, ఆగస్టు 29న, మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం.

మీరు వేరే ప్రాంతం నుంచి ఈ ఊళ్ళకు వచ్చినవాళ్ళైతే, లేదా ఇక్కడి నుంచి హైదరాబాదుకో కర్నూలుకో వెళ్ళినవాళ్ళైతే, ఎదుటివాళ్ళకు అర్థం కాని మాటలు మాత్రం మార్చుకోండి. రాగం అలాగే ఉండనివ్వండి. రాగం కూడా మార్చబోతే అనుకరణలా వినపడుతుంది, వెక్కిరిస్తున్నారనుకుంటారు. ‘వచ్చిండు’ అనేవాళ్ళతో మీరూ ‘వచ్చిండు’ అనాల్సిన పని లేదు. ‘వచ్చాడు’ అంటే వాళ్ళకు తెలుసు.

ఫోన్లో, పెద్దవాళ్ళతో

మామూలు ఫోన్ లైను గొంతులో 300 నుంచి 3,400 హెర్ట్జ్‌ల మధ్య భాగాన్నే మోసుకెళ్ళేలా తయారైంది. స, శ, ఫ లాంటి ఊదే శబ్దాల బలం చాలావరకు ఆ పైన ఉంటుంది. అందుకే ఫోన్లో పేర్లు తారుమారవుతాయి. వయసు మళ్ళిన చెవి కూడా ముందు పోగొట్టుకునేది ఆ పై శబ్దాలనే. అరిచి చెబితే అచ్చులు పెద్దవవుతాయి తప్ప హల్లులు తేలవు. పైగా తాతగారికి మీరు తిట్టినట్టు ఉంటుంది. ఎదురుగా కూర్చుని, మొహం కనపడేలా, గొంతు కాస్త మంద్రంగా దించి, మాటకు మాటకు మధ్య ఖాళీ ఇవ్వండి. టీవీ కట్టేయండి. వినపడలేదంటే అదే వాక్యాన్ని ఇంకా గట్టిగా అనడం కాకుండా వేరే మాటలతో చెప్పండి.

అంకెల దగ్గర ఎవరితోనైనా జాగ్రత్త. ఇరవై, అరవై ఫోన్లో ఒకటే. "అరవై వేలు, ఆరు సున్నా" అని విడదీసి చెప్పి, అవతలివాళ్ళ చేత తిరిగి చెప్పించుకోండి. చిన్నతనంగా అనిపిస్తే మొదట మీరు వాళ్ళు చెప్పినదాన్ని తిరిగి చెప్పండి, వాళ్ళకూ అలవాటవుతుంది.

మీరు వినే మనిషైనప్పుడు

కొట్లో పనికి మనిషిని తీసుకుంటున్నారు, ఇల్లు అద్దెకిస్తున్నారు, ఇంటర్వ్యూ చేస్తున్నారు అనుకోండి. గొంతు విని కొంత చెప్పొచ్చు. కలుపుగోలు మనిషా కాదా అన్నది జనం ఓ మోస్తరుగా పట్టగలుగుతారు. అబద్ధం దగ్గరే దెబ్బ తింటాం. నీళ్ళు నమిలాడు, కళ్ళలోకి చూడలేదు, కాబట్టి అబద్ధమాడుతున్నాడు అనే ధీమా మనకు బాగా ఎక్కువ. రెండు వందలకు పైగా పరిశోధన పత్రాలను కలిపి 2006లో లెక్క తేలిస్తే, మనుషులు అబద్ధాన్నీ నిజాన్నీ సరిగ్గా పట్టింది నూటికి 54 సార్లు. బొమ్మా బొరుసూ వేసినా 50 వస్తుంది.

కాబట్టి మనిషి వెళ్ళగానే మీకేమనిపించిందో కాదు, ఏం చెప్పాడో రాసుకోండి. "తడబడ్డాడు" అని రాస్తే పక్కనే ఏ ప్రశ్న దగ్గర అన్నది కూడా రాయండి. జీతం అడిగినప్పుడు ఎవరైనా తడబడతారు. అందరినీ ఒకే ప్రశ్నలు, ఒకే వరుసలో అడగండి. బాగా మాట్లాడేవాడికి సులువు ప్రశ్న, తడబడేవాడికి చిక్కు ప్రశ్న వేసే అలవాటు మనకు తెలియకుండానే ఉంటుంది.

నత్తి ఉన్నవాళ్ళ విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి. పెద్దవాళ్ళలో సుమారు నూటికి ఒకరికి నత్తి ఉంటుంది. అది భయం వల్ల వచ్చేది కాదు. ఎక్కువగా రెండు నుంచి ఐదేళ్ళ వయసులో మొదలవుతుంది, వంశంలో రావడం కూడా ఉంది. కంగారు పెడితే ఎక్కువవుతుంది, అంతే. వాళ్ళ మాట మీరు అందించకండి. "నిదానంగా, ఊపిరి తీసుకుని చెప్పు" అనకండి, అది వాళ్ళు చిన్నప్పటి నుంచీ వింటున్నారు. చూపు తిప్పుకోకుండా వినండి, అయ్యాక మామూలుగా జవాబు చెప్పండి. ఇంట్లో పిల్లలకు నత్తి ఉండి ఆరు నెలలు దాటినా తగ్గకపోతే, దానంతట అదే పోతుందిలే అని కూర్చోకుండా స్పీచ్ థెరపిస్టుకు చూపించండి.

పనికి తీసుకునే విషయంలో ఇంకా అనుమానం తీరకపోతే ఇంటర్వ్యూ పొడిగించకండి. ఆ మనిషిని ఒక పూట కౌంటర్లో నిలబెట్టండి, ఆ పూటకు కూలి ఇవ్వండి. ఆ పూట ఎంతమంది వట్టి చేతులతో వెళ్ళారో, బిల్లుల్లో తేడాలెన్ని వచ్చాయో సాయంత్రం చూసుకోండి.